కుక్క పేరు చెప్పి

శిరివెళ్ల దాటి కొంత దూరం పోయాక ఫెబా ముందు సీటు మీదికి వంగి, "దేవసహాయమన్నా, కొంచెం పక్కకు ఆపు. కుక్కను దించాల," అంది.

కుక్క నిద్రపోతోంది. వెనక సీటు కింద పరిచిన గోతం పట్ట మీద, ఆదెమ్మ పాదాలకు వీపు ఆనించుకుని, ఆళ్లగడ్డలో కారెక్కినప్పుడు ఎట్లా పడుకుందో ఇంకా అట్లాగే ఉంది. దేవసహాయం అద్దంలోంచి దాన్ని చూశాడు, ఫెబాను చూశాడు, కంపచెట్ల పక్కన కారు ఆపాడు.

ఫెబా ముందుగా గొలుసు పట్టుకుని కుక్కను దించింది. ఆ తర్వాత అవతలి డోరు తెరిచి, అత్త చంకల కింద చేతులు పెట్టి ఆమెను లేపింది. "ఎట్లాగూ ఆపినాం గదా అత్తా, నువ్వు గూడా ఒకసారి పోయిరా," అంది, ముందు సీటుకు వినపడేటట్టు.

"వచ్చిందే నాకు. దానికి యాడొచ్చింది?" అంది ఆదెమ్మ.

"సరే, మెల్లగా. రాళ్లుండాయి."

అత్త కంపచెట్ల మాటున కూర్చున్నంతసేపూ ఫెబా కొంగు అడ్డం పట్టుకుని నిలబడి కుక్కతోనే మాట్లాడింది. "పోరా కర్రోడా, తొందరగా పో" అని గట్టిగా అంటూనే ఉంది. కర్రోడు ఒక రాయిని వాసన చూసి, తోక ఊపి, ఇంకేం చేయాలో తెలీక ఆమె మొహంలోకి చూశాడు.

మళ్లీ కారెక్కాక ఆదెమ్మ చెయ్యి సీటు అంచు మీంచి కిందికి జారింది. కుక్క తల దొరికేదాకా గాలిలో తడిమింది. దొరికాక ఆగింది.

ఆ చెయ్యి కోసమే ఈ కుక్కను వెంట తీసుకుపోవడం. పోయిన నెల ఇదే ఆపరేషన్‌కు దాన్ని పక్కింట్లో కట్టేసి వచ్చారు. ఆదెమ్మ కంటి ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని, పక్కన వచ్చి కూర్చున్న ప్రతి మనిషినీ "మా కర్రోణ్ణి చూస్తిరా?" అని అడిగింది. లేచి వెతకబోయింది. బీపీ ఎక్కిపోయింది. డాక్టరమ్మ ఇంటికి పంపేసింది. "ఇంకా ఆలస్యమైతే శుక్లం గట్టిపడిపోతుంది, అప్పుడు నేనేం హామీ ఇవ్వలేను. ఆ కుక్కనేదో కూడా తెచ్చుకోండి తల్లీ," అంది విసుగ్గానే. "ముందు రోజే వచ్చి ఊళ్లో ఉండండి. ఆపరేషనయ్యాక కట్టు విప్పేదాకా ఊరు కదలొద్దు."

ఫెబా భర్త జీవన్ కుమార్ బడిపంతులు. పరీక్షల డ్యూటీ పడింది, సెలవు దొరకలేదు. "నువ్వుండావు గదా," అన్నాడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ. డిగ్రీ చదివిన భార్య ఉండటం వల్ల ఆయనకు చాలా పనుల్లో నిశ్చింత.

*

నంద్యాల జిల్లా కేంద్రమయ్యాక లాడ్జీలన్నీ హోటళ్లయ్యాయి. గాజు తలుపులు వచ్చాయి, తలుపుల వెనక చల్లదనం వచ్చింది, ఆ చల్లదనంలో టై కట్టుకున్న పిల్లలు నిలబడ్డారు. మొదటి హోటల్లో ఫెబా చెప్పులు పట్టకు బాగా తుడుచుకుని, కుక్కనూ అత్తనూ కారులోనే ఉంచి లోపలికి పోయింది.

"రూముంది మేడమ్. ఎంతమంది?"

"ఇద్దరం. మా అత్తగారికి కంటాపరేషను. మాతో ఒక కుక్కుంది. చిన్నదే."

కౌంటరులో అమ్మాయి నవ్వు చెదరలేదు. "పెట్స్ అలో చేయం మేడమ్."

"టీకాలన్నీ వేయించినామమ్మా. నిన్ననే స్నానం గూడా చేయించినా."

"రూల్ మేడమ్," అంది ఆ అమ్మాయి, అదే నవ్వుతో.

రెండో చోట మేనేజరు కొంచెం పెద్దమనిషి. జాతి ఏందని అడిగాడు. ఫెబా ఒక్క క్షణం తటపటాయించి, "లాబ్రడారు క్రాసు," అంది. ఆయన ఉత్సాహంగా కారు దాకా వచ్చి అద్దంలోంచి తొంగి చూశాడు. కర్రోడు చినిగిన చెవి, బక్క పక్కటెముకలు, తెల్లబడుతున్న మూతి అన్నీ ఆయన ముందు పెట్టి తోక ఊపాడు.

"ఇట్లాంటి లాబ్రడార్లు మా సందులోనే నాలుగుండాయమ్మా," అని ఆయన లోపలికి పోయి గాజు తలుపు వేసుకున్నాడు.

దేవసహాయం పైకే నవ్వాడు. ఫెబాకు నవ్వు రాలేదు. మూడో చోట 'పూర్తి శాకాహారం' అని బోర్డు చూసి కారే దిగలేదు. నూనెపల్లెలో ఉండే అక్క ఎలిజబెత్‌కు ఫోన్ చేసింది. "మీరిద్దరూ రాండి, ఎన్ని రోజులైనా ఉండండి," అంది అక్క. "కుక్కనైతే తేవద్దు ఫెబా. కొత్త టైల్స్ వేయించినాం. మీ బావ సంగతి నీకు తెల్సు గదా."

"మనం యాడికి పోతాండాం?" అంది ఆదెమ్మ వెనక నుంచి, అప్పటికి చాలాసార్లు అడిగిన ప్రశ్నే.

"రూముకు అత్తా."

"ఏం, ఇల్లు లేదా మనకు?"

చివరికి బస్టాండు వెనక సందులో పాతకాలపు లాడ్జి ఒకటి దొరికింది. గాజు తలుపు లేదు. లిఫ్టు లేదు. మేనేజరు వెంకటేష్ చెవి మీద పెన్ను పెట్టుకుని, తాళంచెవుల గుత్తి ముందేసుకుని ఒక్కొక్కదానికీ నంబరు బిళ్లలు కడుతున్నాడు. ఫెబా ఈసారి కుక్కను పక్కన పెట్టుకునే అడిగింది. దాచే ఓపిక అయిపోయింది.

"కరుస్తాదా?" అన్నాడు వెంకటేష్.

"కరవదన్నా."

"మొరుగుతాదా?"

"మొరగదు."

"మరి ఎందుకు సాకుతాండారు?"

ఫెబా ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. వెంకటేష్ బిళ్ల ముడి పళ్లతో బిగించి, ఆమె ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఫెబా. మీరు క్రిస్టియన్సే గదా. రెండు మాటలు చెప్తా ఇనండి మేడమ్. ఒకటి, కుక్క గలీజు చేయకూడదు. చేస్తే ఆ పూటకే బయటికి. రెండు, రూములో గట్టిగా ప్రార్థనలు వద్దు. పోయినసారి సభలకని వచ్చినోళ్లు పాటలు, చప్పట్లు... పక్క రూమోళ్లు నా ప్రాణం తీసినారు."

"మేం మెల్లగా చేసుకుంటామన్నా."

"మీరు చదువుకున్నోళ్ల మాదిరుండారని ఇస్తాండా," అన్నాడు తాళం చేతిలో పెడుతూ.

మెల్లగా అన్న మాట ఆదెమ్మ విషయంలో చెల్లదు. ఆమె హాస్టల్లో వంట చేసిన మనిషి. మూడు వరసల గదుల్లో ఉండే ఆడపిల్లలందరినీ వంటింట్లోంచి కదలకుండా అన్నానికి పిలిచిన గొంతు అది. ఆ పూట పెరుగన్నం ముందు పెట్టుకుని ఆమె నోరు తెరవకముందే ఫెబా కిటికీ రెక్కలు మూసింది, ఫ్యాను పెంచింది. ఆదెమ్మ కళ్లు మూసుకుని, తన వాళ్లందరినీ పేరు పేరునా దేవుడికి అప్పజెప్పింది. జీవన్‌ను, ఫెబాను, హాస్టల్లో చదివే మనవడు డేనియల్‌ను, ఆఖర్న కర్రోణ్ణి. ఎప్పుడూ ఇదే వరస. ఫలానా వాళ్లకు దేవుడు ఏం చేయాలో కూడా ఆమే చెప్తుంది. ప్రార్థన మొదలయితే ఆ ఇంట్లో ఎవరూ కదలరు. పాలు పొంగినా పొంగాల్సిందే.

తర్వాత ఫెబా పనిలో పడింది. గోడవైపు మంచానికి ఇంటి నుంచి తెచ్చిన రబ్బరు షీటు పరిచి, అంచులు పరుపు కిందికి బాగా దోపి, పైన దుప్పటి వేసింది. మంచం కాలికి గొలుసు కట్టి, అత్త చెయ్యి అందే చోట గోతం పట్ట పరిచింది. కుక్కకు గుడ్డు కలిపిన అన్నం పెట్టి, మళ్లీ కిందికి దింపి, సందు చివర దాకా తిప్పి, కాళ్లు తడిగుడ్డతో తుడిచి పైకి తెచ్చింది. మెట్లెక్కుతుంటే మోకాళ్లు ఒకదానికొకటి చెప్పుకున్నట్టు నొచ్చాయి. కుక్క విషయంలో మాట రాకూడదు. అదొక్కటే ఆమె ఆలోచన. మాట వస్తే కుక్క పోతుంది, కుక్క పోతే ఆ చెయ్యి ఆగదు, చెయ్యి ఆగకపోతే కన్ను దక్కదు.

*

తెల్లవారి ఫెబాకు వాసనకే మెలకువ వచ్చింది.

రబ్బరు షీటు మంచం కింద ఉండ చుట్టి పడి ఉంది. వీపుకు అంటుకుంటోందని అత్త ఎప్పుడో లాగేసినట్టుంది. దుప్పటి తడి, చీర తడి, పరుపు మీద చాటంత మరక. ఆదెమ్మ గోడవైపు తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని ఉంది. నిద్రలో లేదు.

"నీళ్లు ఒలికినాయేమో మ్మే," అంది.

"ఆ, నీళ్లే అత్తా. లెయ్."

గీజరు లేదు. బకెట్టులో చన్నీళ్లకు భయపడుతున్న అత్తను మాటల్లో పెట్టి, చెంబు చెంబుగా పోసి, ఒళ్లు తుడిచి, ఉతికిన చీర కట్టి కుర్చీలో కూర్చోబెట్టింది. దుప్పటి, చీర నానబెట్టింది. తన తువ్వాలు పరుపు మీద పరిచి, మోకాలితో అదిమి అదిమి తడి పీల్చింది. మరక పలచబడి ఇంకా పెద్దదయింది.

తలుపు చప్పుడయింది. ఊడ్చే మనిషి అనిత, చీపురూ ఫినాయిలు బకెట్టుతో.

"కొంచెం ఆగి రామ్మా."

"ఆగితే మధ్యాహ్నమే అక్కా. పైన రూములన్నీ నావే."

ఫెబా తలుపు సగమే తెరిచింది. వాసన ఆమెకంటే ముందు బయటికి పోయింది. అనిత భుజం మీంచి తొంగి చూసి, "ఏందక్కా అది? కొత్త పరుపు," అంది.

ఆ మాట ఫెబా నోట్లోంచి తనంతట తనే వచ్చింది, శిరివెళ్ల దగ్గర కారాపినప్పుడు వచ్చినంత తేలిగ్గా.

"కుక్కమ్మా. రాత్రి మంచమెక్కినట్టుంది."

అనిత కుక్కను చూసింది. పొడిగా ఉన్న గోతం పట్టను చూసింది. పొద్దు పొడవకముందే తలస్నానం చేసి, తడి జుట్టుతో కుర్చీలో కూర్చున్న ముసలామెను చూసింది. బాత్రూములో నురగ కింద తేలుతున్న చీర కొంగును చూసింది. 

ఆ చూపు ఫెబాకు భరించరానిదయింది. వంగి కర్రోడి మూతి మీద ఒకటి కొట్టింది. "థూ, సిగ్గులేదు నీకు? మంచమెక్కుతావా?" అంది. పెద్ద దెబ్బేం కాదు. కానీ ఎప్పుడూ కొట్టని చెయ్యి. కర్రోడు చెవులు వెనక్కి వాల్చి, పొట్ట నేలకు ఆనించి, మంచం కిందికి గొలుసు పొడవున్నంత మేర పోయాడు.

"వెంకటేషన్నకు చెప్పాల్సొస్తాదక్కా," అంది అనిత. "చెప్పకపోతే నా మీదికొస్తాది."

"చెప్పు."

ఆదెమ్మ ఒళ్లో దువ్వెన పట్టుకుని, తల దువ్వించుకోవడానికి వీపు ఇటు తిప్పి కూర్చుని ఉంది. విన్నదో లేదో. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండని మనిషి గదా అనుకుంది ఫెబా, చిక్కు తీస్తూ.

*

ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ పక్కన కుక్కను కట్టి, వాచ్‌మన్‌కు టీ చెప్పి, ఫెబా గేటుకూ వార్డుకూ మధ్య తిరుగుతూనే ఉంది.

"యాడుండాడు?" అంటుంది ఆదెమ్మ.

"గేటు కాడ."

"నీళ్లు పెట్టినావా?"

"పెట్టినా."

"ఎవురన్నా కొడ్తారేమో చూడు."

ఫెబా ఆ మాటకు తలెత్తి అత్తను చూసింది. పొరలు కమ్మిన ఆ కళ్లలో చూడ్డానికేం దొరకలేదు. బీపీ చూసిన నర్సు, "ఈసారి బాగుందే అవ్వా," అంది. ఆకుపచ్చ గౌను తొడిగి లోపలికి తీసుకుపోయారు. తిరిగి వచ్చేటప్పటికి ఎడమ కంటి మీద దూది, దాని మీద ప్లాస్టరు. తల వంచొద్దు, కట్టు మీద చెయ్యి పెట్టొద్దు, గట్టిగా దగ్గొద్దు, ఏడవొద్దు అని డాక్టరమ్మ చెప్పింది.

"ఏడ్వకూడదా?"

"ఏడవకూడదవ్వా."

"శానా రోజులా?" అంది ఆదెమ్మ. డాక్టరమ్మతో పాటు బెంచీ మీద వాళ్లంతా నవ్వారు.

ఆటో దిగేసరికి వెంకటేష్ లాడ్జి మెట్ల మీదే నిలబడి ఉన్నాడు. కౌంటరు దగ్గర సూటుకేసుతో కొత్తగా పెళ్లయిన జంట ఒకటి తాళం కోసం చూస్తోంది.

"చదువుకున్నోళ్లని ఇచ్చినా మేడమ్ నేను," అన్నాడు. గొంతు పెంచలేదు, అదే కష్టంగా ఉంది. "మా ఓనరు నిన్నగాక మొన్న కొన్నాడు పరుపులు. సాయంత్రం వస్తాడు. ఆ లోపల కుక్క కిందికి రావాల. వెనక జనరేటర్ కాడ కట్టేస్తా. రేపు పోయేటప్పుడు ఇప్పుకోని పోండి."

"అన్నా, అది పక్కన లేకపోతే మా అత్త నిమ్మళంగా ఉండదు. లేస్తాది. కన్ను నలుపుకుంటాది. ఈ ఒక్క పూట..."

"మనిషి నిద్రపోయేదానికి కుక్క కావల్నా మేడమ్? నేను చెప్పింటి గదా, గలీజు చేస్తే బయటికని. నేను మాట తప్పినానా, మీరు తప్పినారా?"

నిజం ఫెబా నాలుక చివర దాకా వచ్చింది. కొత్త పెళ్లికూతురు చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి పట్టుకుని, ఏం జరుగుతోందా అని చూస్తోంది. అత్త ఒక కంటికి కట్టుతో, ఒక చేత్తో మెట్ల కమ్మీ పట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని నిలబడి ఉంది. ఇంతమందిలో ఈమె గురించి ఆ మాట ఎట్లా అనేది? ఇంట్లో జీవన్‌తో కూడా ఎప్పుడూ పైకి అనలేదు. దుప్పట్లు ఆయన లేవకముందే ఆరేస్తుంది.

"సరే," అంది ఫెబా.

మధ్యాహ్నం కర్రోణ్ణి ఒకసారి వరండాలో కట్టి చూసింది. ఆదెమ్మ చెయ్యి మంచం అంచు మీంచి జారింది, తడిమింది, గచ్చును తాకింది, మళ్లీ తడిమింది. "కర్రోడేడీ?" అంది. లేచి కూర్చుంది. "కర్రోడేడీ మ్మే?" ఇంకో చెయ్యి కట్టు వైపు పోతుంటే ఫెబా పరుగెత్తి పట్టుకుంది. పిట్ట ఎముకల్లాంటి ఆ మణికట్టు తన పిడికిట్లో ఎంత బలంగా పెనుగులాడిందో! కుక్కను లోపలికి తెచ్చింది. చెయ్యి దాని తల మీద పడగానే పెనుగులాట ఆగింది.

*

దీపాలు పెట్టే వేళ ఫెబా కిందికి పోయి ఇడ్లీ పొట్లం కట్టించుకొచ్చింది. ఆదెమ్మను గోడకు ఆనించి కూర్చోబెట్టి, ఒళ్లో తువ్వాలు పరిచి, ప్లేటు పెడుతుండగా తలుపు చప్పుడయింది. వెంకటేష్. చేతిలో కొబ్బరి తాడు చుట్ట.

"ఓనరు బయల్దేరినాడంట మేడమ్. ఇయ్యండి, నేనే తీసకపోతా."

ఫెబా గొలుసు విప్పడానికి వంగింది. కొక్కెం బిగుసుకుపోయింది. విప్పుతుండగా వెనక నుంచి గొంతు లేచింది.

"తండ్రీ, నీకు స్తోత్రం."

హాస్టలు వంటింటి గొంతు. కిటికీ తెరిచే ఉంది, ఫ్యాను ఆపి ఉంది. ఫెబా ఎన్నో ఏళ్ల అలవాటుకొద్దీ వంగినది వంగినట్టే ఆగి, కొంగు తల మీదికి లాక్కుంది. వెంకటేష్ లోపలికి ఒక కాలు పెట్టినవాడు, ఏం చేయాలో తోచక, చెప్పులోంచి పాదం బయటికి తీశాడు. తర్వాత రెండోది కూడా తీశాడు.

"ఈ పొద్దు నా కన్ను బాగుచేసిన డాక్టరమ్మ చేతికి స్తోత్రం. ఈ ఇడ్లీలకు స్తోత్రం. జీవన్‌ను కాపాడు, కాపీ కొట్టే పిల్లోళ్లతో కొట్లాట పెట్టుకోకుండా చూడు. డేనియల్‌కు బుద్ధియ్యి, ఆ ఫోన్ తగ్గించు. కర్రోణ్ణి కాపాడు తండ్రీ. వాడు ఏ తప్పూ చేయలే."

ఫెబా వేళ్లు కొక్కెం మీదే ఉన్నాయి.

"పక్క తడిపింది నేను. నాకు లేసేదానికి తెలీలే. తెలిసేలోపల అయిపాయె. నా కోడలు సిగ్గుపడి కుక్క మీద చెప్పింది. నోరులేనిదాన్ని మూతి మీద కొట్టింది. దాన్ని క్షమించు తండ్రీ. మంచిదే అది. నన్ను కడిగీ కడిగీ అలిసిపోయిండాది. దానికి ఒకరోజన్నా కంటినిండా నిద్రియ్యి. ఈ లాడ్జి పిలగాడు పరుపు పాయెనని బాధపడ్తాండాడు, ఆయప్పకు ఓనరుతో మాట రాకుండా చూడు. ఆమేన్."

కింద సందులో బస్సు హారను ఒకటి మోగి ఆగింది.

"ఆమేన్ అనాల," అంది ఆదెమ్మ.

"ఆమేన్," అంది ఫెబా. కొంగు తల మీంచి తీయలేదు. తీస్తే మొహం కనపడుతుంది.

వెంకటేష్ తాడు చేతికి చుట్టుకుని, విప్పి, మళ్లీ చుట్టుకున్నాడు. "అవ్వా, గట్టిగా ప్రార్థన చేయొద్దని మీ కోడలికి చెప్పింటి," అన్నాడు.

"మెల్లగా చేస్తే తలుపుకాడ నిలబడినోళ్లకు యాడ ఇనపడ్తాది నాయనా?" అంది ఆదెమ్మ, ప్లేటులో ఇడ్లీ కోసం తడుముతూ.

అతను నవ్వలేదు. ఫెబా వైపు తిరిగి, "ముందే చెప్పింటే కింద రూము ఇచ్చిందును గదా మేడమ్," అన్నాడు. అని ఆగాడు. ఆమె తల వంచుకునే ఉంది. ఆ వంచిన తల కేసి కొంచెంసేపు చూసి, "ఇచ్చిందును కాదులే," అన్నాడు తనలో తాను అనుకున్నట్టు. "ఎవురిస్తారు."

"మరి కుక్కను..."

"కుక్కనేం చేసుకుంటా నేను?" చెప్పుల్లో పాదాలు పెట్టుకున్నాడు. "ఓనరు పైకెక్కడు. మోకాళ్ల నొప్పులు. స్టోరు రూములో పాత పరుపుండాది, పంపిస్తా. దానికేమైనా పర్వాలే." తాడు చుట్ట భుజానికి తగిలించుకుని దిగిపోయాడు.

ఫెబా కొక్కెం వదిలేసి గచ్చు మీదే కూర్చుండిపోయింది. ఆదెమ్మ ఒక ముక్క తిని, ఒక ముక్క మంచం పక్కకు వదులుతోంది. కర్రోడు ఆ ముక్కలు తింటూ మధ్యలో ఫెబా దగ్గరికి వచ్చి, ఆమె చేతిని వాసన చూశాడు. పొద్దున కొట్టిన చెయ్యే. ఆమె దాన్ని అట్లాగే ఒళ్లో ఉంచుకుంది, ఎత్తడానికి ధైర్యం చాల్లేదు. వాడే వచ్చి మూతి దాని కింద పెట్టాడు.

"చట్నీ లేదా?" అంది ఆదెమ్మ.

"ఉంది అత్తా."

"ఉప్పు సరిపోయిందో లేదో చూసి పెట్టు."

*

మర్నాడు గది ఖాళీ చేస్తుంటే అనిత వచ్చి, నాలుగు మడతలు పెట్టిన రబ్బరు షీటు చేతికిచ్చింది. "నిన్న మీరు ఆసుపత్రికి పోయినాక ఊడుస్తాంటే మంచం కింద దొరికింది. కడిగి మిద్దె మీద ఆరేసినా," అంది. ఫెబా ఏదో అనబోయింది. "మా అమ్మకూ ఇట్లాంటిదే ఉండె," అని అనిత చీపురు తీసుకుని పక్క గదికి పోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ప్లాస్టరు అంచు గోటితో లేపి, దూది తీసి, చుక్కల మందు వేసి, "మెల్లగా తెరువవ్వా. ఎవరు కనపడతాండారు?" అంది.

ఆదెమ్మ రెప్పలు అల్లాడించింది. నీళ్లు కారాయి. తన మొహానికి జానెడు దూరంలో ఉన్న మొహాన్ని చాలాసేపు చూసింది.

"మా కోడలు."

"బాగా కనపడుతుందా?"

ఆదెమ్మ చెయ్యి ఎత్తి ఫెబా చెంప పక్క వెంట్రుకలు వేళ్లతో విడదీసింది. "ఏందీ, ఇంత నెరిసిపాయెనే తల? ఎప్పుడు నెరిసింది ఇది?"

"చానా రోజులైంది అత్తా."

"ఎవురూ చెప్పకపోతిరే నాకు," అంది ఆదెమ్మ.

గేటు దగ్గర కర్రోడు గొలుసు తెగేటట్టు గెంతాడు. తల వంచొద్దన్నారని ఆదెమ్మ నిటారుగా నిలబడి, కళ్లు మాత్రం కిందికి దించి వాణ్ణి చూసింది. "నీ మూతి గూడా తెల్లబడిందే," అంది. ఫెబా కుక్కను ముందుకాళ్ల కింద పట్టుకుని, అత్త చేతికందేలా పైకి లేపింది. ఆదెమ్మ మూతి మీద, సరిగ్గా ఆ దెబ్బ పడిన చోట, బొటనవేలితో రెండుసార్లు రాసింది.

దేవసహాయం ఆళ్లగడ్డ నుంచి మళ్లీ కారు తెచ్చాడు. నంద్యాల దాటాక ఎండ చురచురలాడుతోంది. జీవన్ ఫోన్ చేసి, అంతా బాగుందా, కర్రోడు ఏమన్నా గలాటా చేసినాడా అని అడిగాడు. "వాడేం చేయలేదు," అంది ఫెబా. "ఇంటికొచ్చినాక చెప్తా." ఫోన్ పెట్టేసి కళ్లు మూసుకుంది. నిద్ర కాదు గానీ నిద్రకు దగ్గర్లో ఏదో పట్టింది.

శిరివెళ్ల ఇంకా రాకముందే ఆదెమ్మ సీట్లో ఒకసారి కదిలింది. ఇంకోసారి కదిలింది. తర్వాత కోడలి మణికట్టు మీద మెల్లగా గిల్లింది.

ఫెబా కళ్లు తెరిచి ముందుకు వంగింది. "దేవసహాయమన్నా, కొంచెం పక్కకు ఆపు."

అద్దంలో అతని కళ్లు పైకి లేచాయి. "కుక్కకేనామ్మా?"

"కాదన్నా. మా అత్తకు."

దేవసహాయం అద్దంలోంచి చూపు తిప్పుకున్నాడు. "ఈడ ఎండ. ఆ యాపచెట్టు కాడ ఆపుతా, నీడుంటాది," అని ఇంకొంచెం ముందుకు పోనిచ్చి, చెట్టు కింద, డోరు నీడవైపు వచ్చేటట్టు ఆపాడు. దిగి, రోడ్డుకు అవతలి పక్కకు నడిచి, అటు తిరిగి నిలబడ్డాడు.

ఫెబా డోరు తెరిచి, అత్త చంకల కింద చేతులు పెట్టింది. "తల వంచొద్దు. నన్ను పట్టుకో."

సీటు కింద గోతం పట్ట మీద కర్రోడు నిద్రపోతున్నాడు. ఈసారి వాణ్ణి ఎవరూ లేపలేదు.